తుపాకీ పట్టకముందు

1881 మార్చిలో రష్యా చక్రవర్తి రెండో అలెగ్జాండర్‌పై బాంబులు విసిరినవారికి వీధిలో నిలబడి సైగ చేసిన సోఫియా పెరోవ్‌స్కయా ఆకలి ఎరిగిన మనిషి కాదు. ఆమె తండ్రి ఒకప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ గవర్నరు. ఉగ్రవాదానికి పేదరికమే మూలమనే వాదాన్ని ఇలాంటి ఉదాహరణలు మొదటి నుంచీ ప్రశ్నిస్తూనే ఉన్నాయి.

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత ఆ వాదం మళ్లీ బలంగా వినిపించింది. అయితే ఆ దాడులకు నాయకత్వం వహించిన మహమ్మద్ అట్టా జర్మనీలో నగర ప్రణాళిక చదివినవాడు. ఆర్థికవేత్తలు అలన్ క్రూగర్, జిట్కా మలెచ్‌కోవా లెబనాన్‌లోని సాయుధ సంస్థ హెజ్బొల్లా తరఫున ప్రాణాలు కోల్పోయిన 129 మంది వివరాలను పరిశీలిస్తే వారిలో పేదలు 28 శాతం ఉన్నారు. లెబనాన్ జనాభాలో పేదల వాటా 33 శాతం. ఈ అంకెలు చూపి ఆర్థిక కారణాలను పూర్తిగా కొట్టిపారేయడం తొందరపాటే. పథకం వేసేవారినీ, పిలవగానే వెంట నడిచేవారినీ ఒకే గాటన కట్టలేం. పైగా చదువుకున్న చదువుకు తగిన బతుకు దొరకనివారి కసి ఆదాయపు లెక్కల్లో కనిపించదు.

ఈశాన్య నైజీరియాలోని మైదుగురి నగరంలో జరిగింది చూస్తే విషయం బోధపడుతుంది. 2002 ప్రాంతంలో మహమ్మద్ యూసుఫ్ అక్కడ మొదలుపెట్టిన బృందమే తర్వాత బోకో హరామ్ అనే ఉగ్రవాద ముఠాగా పేరుపడింది. ప్రభుత్వం అవినీతిలో కూరుకుపోయి, యువకులకు పని లేని ఆ ప్రాంతంలో యూసుఫ్ మతబోధతో పాటు అనుచరులకు తిండి, ఆశ్రయం, చిన్న వ్యాపారాలకు అప్పులు సమకూర్చాడు. 2009 జూన్‌లో శవయాత్రకు మోటారు సైకిళ్లపై వెళ్తున్న అతని అనుచరులను హెల్మెట్లు లేవని పోలీసులు ఆపారు. మాటామాటా పెరిగి కాల్పులు జరిగాయి. జూలైలో తిరుగుబాటు చెలరేగి వందలమంది చనిపోయారు. సైన్యం ప్రాణాలతో పట్టి అప్పగించిన యూసుఫ్ విచారణ లేకుండానే పోలీసు నిర్బంధంలో హతమయ్యాడు. అబూబకర్ షెకావ్ నాయకత్వంలో తిరిగి లేచిన ఆ ముఠా మునుపటికంటే ఎన్నో రెట్లు క్రూరమైనది. దాని చేతిలో బలైన సామాన్యుల ముందు ఏ కారణమూ సమర్థనగా నిలవదు. అయినా కారణం తెలుసుకోకుండా తర్వాతి తరాన్ని కాపాడుకోలేం.

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఆఫ్రికాలో ఇలాంటి ముఠాల్లో స్వచ్ఛందంగా చేరినవారిని అడిగి తెలుసుకుని 2017లో ఒక నివేదిక ఇచ్చింది. ఆప్తులను చంపడమో, అరెస్టు చేయడమో వంటి ప్రభుత్వ చర్యే తమను చివరికి అటు నెట్టిందని 71 శాతం మంది చెప్పారు. మతగ్రంథాలు తమకు పెద్దగా అర్థం కావని సగం మందికి పైగా ఒప్పుకున్నారు. 2023 నాటి మరో నివేదికలో నాలుగింట ఒకరు ఉపాధి లేకపోవడమే ప్రధాన కారణమన్నారు. లేమి మనిషిని అంచుదాకా తెస్తుంది, అక్కడి నుంచి తోసేది చాలాసార్లు అవమానమూ అన్యాయమూ అని ఈ రెండు నివేదికలనూ కలిపి చదివితే నాకు అనిపిస్తుంది.

డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో పోలీసులు వేరే దారి పట్టారు. నగరపాలక సంస్థతో కలిసి, సిరియా యుద్ధానికి వెళ్లి తిరిగివచ్చిన యువకుల్లో నేరం రుజువు కానివారికి చదువు, పని, ఇల్లు దొరికేలా చూశారు. మాట్లాడటానికి ఒక పెద్దదిక్కును కుదిర్చారు. యువకులు వెళ్లే మసీదు పెద్దలతో చర్చించారు. 2013 వరకు ఆ ఊరి నుంచి సిరియాకు సుమారు 30 మంది వెళ్లగా, 2014లో వెళ్లింది ఒక్కరేనని అప్పట్లో అధికారులు తెలిపారు.