కాగితం ముక్కలతో ఆర్ట్ జర్నల్: నేను రోజూ వినే అపోహలు, వాస్తవాలు

ఒంగోలులో మాది చిన్న ప్రెస్సు. శుభలేఖలు, బిల్లు బుక్కులు, కరపత్రాలు కొడతాం. సాయంత్రానికి కటింగ్ మిషన్ కింద పడ్డ ముక్కలన్నీ గోనెసంచిలోకి ఎత్తి, సంచి నిండాక తూకానికి వేసేవాళ్లం. పదేళ్ల కిందట ఒకరోజు సంచి మూతి కట్టబోతుంటే పైన ఒక బంగారు అంచు పట్టీ, దాని పక్కన పసుపు రంగు మ్యాప్‌లితో (ప్రెస్సుల్లో వాడే అచ్చు కాగితం) ముక్క, వాటి కింద సగం తెగిన "చి.ల.సౌ." కనిపించి, చేతిలో పురికొస అట్లాగే పట్టుకుని కూర్చుండిపోయాను. ఆ మూడింటినీ పాత నోటు పుస్తకంలో ఒకదాని మీద ఒకటి అతికించాను. నా ఆర్ట్ జర్నల్‌లో, అంటే కాగితం ముక్కలు, రంగులతో నింపుకునే పుస్తకంలో, మొదటి పేజీ అదే. ఇప్పుడు ఆదివారాలు మా ఇంట్లోనే కొంతమందికి నేర్పిస్తున్నాను. కొత్తగా వచ్చే ప్రతివాళ్ల దగ్గరా ఇంచుమించు అవే అపోహలు వింటుంటాను కాబట్టి అన్నీ ఒకచోట రాస్తున్నా.

"నాకు బొమ్మలు వేయడం రాదు, పైగా ఈ వయసులో ఏం మొదలుపెడతాను?"

బొమ్మలు రాకపోయినా ఫర్వాలేదు. ఇందులో ఏరడం, చింపడం, పేర్చడం, అతికించడం, వీటి తర్వాతే గీయడం. ఇక వయసంటారా, ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 1772లో, 72 ఏళ్ల వయసులో, రంగు కాగితాలు కత్తిరించి నల్లటి కాగితం మీద పువ్వులు అతికించడం మొదలుపెట్టింది. చూపు తగ్గి ఆపేసేలోపు పదేళ్లలో 985 పువ్వులు చేసింది. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మా దగ్గరికొచ్చే 60 దాటిన అక్కలకి ముందు ఈ సంగతే చెబుతాను.

"ఖరీదైన సరుకు కొనాలి"

అక్కర్లేదు. పాత లాంగ్ నోట్ బుక్కు, ఫెవికాల్, ఒక తెల్ల అక్రిలిక్ రంగు డబ్బా, కత్తెర, గడువు తీరిన ఏటీఎం కార్డు. కార్డు దేనికంటే రంగు పల్చగా గీరడానికి, బ్రష్ కంటే అదే బాగా పనిచేస్తుంది.

"ఎన్ని ముక్కలు అతికిస్తే అన్ని లేయర్లు, అంత అందం"

చాలామంది పేజీలు ఇక్కడే పాడవుతాయి. పది ముక్కలూ రంగురంగులవే, పదింటి మీదా అచ్చే ఉంటే కన్ను ఎక్కడ ఆగాలో తెలియక పేజీ అంతా ఒకటే గోలగా ఉంటుంది. లేయర్ అంటే పైది కిందిదాన్ని కొంచెం దాచాలి, కొంచెం చూపించాలి. రద్దీగా ఉన్న ముక్క పక్కన ఏమీ లేని ముక్క ఒకటి ఉండాలి, ముదురు పక్కన లేత ఉండాలి, పెద్దది ఒకటి పెడితే మధ్యరకం ఒకటి, మరీ చిన్నవి రెండు మూడు.

మొన్న చేసిన పేజీ చెబుతాను. అడుగున మా మామయ్యగారి పాత చిట్టా పుస్తకంలోని కాగితం, ఎర్ర గీతలది. దాని మీద తెల్ల అక్రిలిక్ బొట్టు వేసి కార్డుతో ఒక్క గీరు గీరాను, అంకెలు పొగమంచులోంచి కనబడ్డట్టు సగం కనబడుతున్నాయి. మా పుట్టిల్లు నెల్లూరు దగ్గర పాటూరు, చేనేత ఊరు. అక్కడ మగ్గాల మీద డిజైన్ నేయడానికి వాడి పక్కన పడేసిన జకార్డు అట్ట ఒకటి తెచ్చుకున్నాను, వరసగా చిల్లులున్నది. దాన్ని పేజీ మూలన పెట్టి స్పాంజితో ఇటుక రంగు అద్దితే చిల్లుల వరస పడింది. దాని మీద చింపిన తెల్ల మ్యాప్‌లితో పట్టీ, ఆ పట్టీ మీద శుభలేఖలోంచి తీసిన వేలెడంత బంగారు అంచు. అంతే. పేజీలో మూడోవంతు ఖాళీగా వదిలేశాను.

అనుమానంగా ఉంటే పేజీని ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి చూడండి. అంతా ఒకే బూడిద రంగులో కనిపిస్తే ముదురు-లేత తేడా చాల్లేదని అర్థం, ఇంకో రంగు ముక్క వేసినా అది బాగుపడదు.

"చింపడం మోటు పని, కత్తెరతోనే నీటుగా వస్తుంది"

రెండూ కావాలి. కత్తెర అంచు గట్టి గీతలాగా నిలబడుతుంది, చింపిన అంచు కింది కాగితంలోకి కలిసిపోతుంది. ఒకవైపే అచ్చు ఉన్న కాగితాన్ని ఎడమ చేత్తో కదలకుండా పట్టుకుని కుడి చేత్తో మీ వైపుకి లాగి చింపండి, ఎడమ చేతిలో మిగిలిన ముక్కకి తెల్లటి నూగంచు వస్తుంది. అదే అవతలికి చింపితే ఆ తెలుపు దాదాపు కనబడదు. నది, కొండ, సముద్రపు నురగ ఏది చేయాలన్నా నాకు ఆ తెల్లంచే ఆధారం.

"ఫెవికాల్ ఎంత దట్టంగా పూస్తే అంత గట్టిగా అంటుకుంటుంది"

దట్టంగా పూస్తే అంటుకోవడం సంగతేమోగానీ పేజీ ముడతలు పడి, అప్పడంలాగా వంకర తిరుగుతుంది. కారణం నీళ్లు. ఫెవికాల్‌లో ఉన్న తడిని కాగితం నార పీల్చుకుని ఉబ్బుతుంది, అదీ అన్ని వైపులా సమానంగా ఉబ్బదు. కాగితం తయారయ్యేటప్పుడు నార ఎక్కువగా ఒక దిక్కుకి పడుకుంటుంది, ప్రెస్సులో దాన్నే గ్రెయిన్ అంటాం. న్యూస్ పేపర్ నిలువుగా చింపితే సాఫీగా వస్తుంది, అడ్డంగా చింపితే వంకర్లు పోతుంది కదా, అదే గ్రెయిన్. కాగితం గ్రెయిన్‌కి అడ్డంగా ఎక్కువ సాగుతుంది. అందుకని పెద్ద ముక్కలు అతికించేటప్పుడు రెండు కాగితాల గ్రెయిన్ ఒకే దిక్కుకి ఉండేట్టు చూసుకోండి, సగం బాధ అక్కడే పోతుంది.

మిగతా సగానికి నేను చేసేది ఇది: పల్చటి ముక్కకి వెనకవైపు, మధ్యలోంచి అంచులకి, పల్చగా ఒకే పూత. పూసిన వెంటనే అతికించను, కాసేపు ఆగుతాను, ఉబ్బేదేదో ముందే ఉబ్బుతుంది. తర్వాత మధ్యలోంచి బయటికి గుడ్డతో నొక్కి, పైన బటర్ పేపర్ పరిచి, బరువు పెడతాను. నా బరువు చీమకుర్తి గ్రానైట్ ముక్క, ఇల్లు కట్టేటప్పుడు వంటగట్టులో మిగిలిన నల్ల గెలాక్సీ. రాత్రంతా దాని కింద ఉంటే పొద్దున్నకి పేజీ పలకలాగా ఉంటుంది.

మరీ పల్చటి కాగితాలకి ఇంకో దారి ఉంది. రెండింటికీ ఫెవికాల్ పల్చగా పూసి పూర్తిగా ఆరనివ్వండి, తర్వాత ఒకదాని మీద ఒకటి పెట్టి బటర్ పేపర్ మీంచి ఇస్త్రీ పెట్టె ఆనించండి. ఆరిన ఫెవికాల్ వేడికి మళ్లీ మెత్తబడి పట్టుకుంటుంది. తడి లేదు కాబట్టి ముడతా లేదు.

మైదా జిగురు వాడొచ్చా అని అడుగుతుంటారు. గోడల మీద పోస్టర్లకి బాగానే ఉంటుంది. పుస్తకంలో అయితే ఆ పిండి కోసం సిల్వర్ ఫిష్ వస్తుంది. బైండింగ్ వాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలుపుతారు, అది విషం. పిల్లలున్న ఇంట్లో వద్దు.

"ముక్క ఏదైనా ముక్కే, అన్నీ పనికొస్తాయి"

ఇది నేను కూడా నమ్మాను. మా నాన్న నాకు హాస్టలుకి రాసిన ఇన్‌లాండ్ లెటర్ ఒకటి మిగిలి ఉంటే, దాన్ని పేజీ మధ్యలో అతికించి పైన నీళ్లు కలిపిన ఫెవికాల్ పూత వేశాను. ఆయన ఇంకు పెన్నుతో రాసేవాడు. బ్రష్ తగలగానే "చిరంజీవి" అన్న మాట నీలం మరకై కిందికి జారింది. అద్దబోతే ఇంకా పాకింది. ఆ పేజీ ఇప్పటికీ ఉంది, తీసి చూడాలంటే కష్టంగా ఉంటుంది. ఇంకు పెన్ను రాత, ఇంక్‌జెట్ ప్రింటు తడికి కరుగుతాయి. బాల్ పెన్ను, జెరాక్స్ సాధారణంగా కరగవు. ఇంట్లో పెద్దల చేతిరాత ఏదైనా, అమ్మ రాసిన సరుకుల చీటీ అయినా సరే, జెరాక్స్ తీయించి ఆ కాపీ అతికించండి, అసలుది భద్రంగా దాచుకోండి.

షాపు బిల్లులు, ఏటీఎం స్లిప్పులు చాలావరకు థర్మల్ కాగితం. అందులో ఇంకు ఉండదు, వేడికి కాగితమే నల్లబడుతుంది. గోటితో గీస్తే నల్ల గీత పడిందంటే అదే. కొన్నాళ్లకి అచ్చు వెలిసిపోతుంది, ఇస్త్రీ పెట్టె తగిలితే మొత్తం నల్లగా అయిపోతుంది. దీనికీ జెరాక్సే మందు. న్యూస్ పేపర్‌లో చెక్కలో ఉండే లిగ్నిన్ అట్లాగే ఉండిపోతుంది కాబట్టి ఎండ తగిలితే పసుపెక్కి పెళుసవుతుంది. అడుగు లేయర్‌కి వాడి పైన రంగు పూస్తే ఇబ్బంది లేదు. మెరిసే లామినేషన్ శుభలేఖలకి జిగురు పట్టదు, వెనకవైపు అతికించండి, లేదా శాండ్‌పేపర్‌తో మెరుపు కాస్త గీరండి. 300 జీఎస్సెం (చదరపు మీటరుకి 300 గ్రాములు తూగే) మందపు అట్టలైతే పుస్తకం కడుపు ఉబ్బుతుంది, అందుకే మొదలుపెట్టే ముందే నోటు పుస్తకంలో ప్రతి మూడో కాగితం కుట్టు దగ్గర రెండు వేళ్ల వెడల్పు వదిలి కత్తిరించేయాలి.

బ్యాంకు కాగితాలు, ఆధార్ జెరాక్సులు కూడా ముక్కల్లో కలిసిపోతుంటాయి, చూసుకోండి.

"మన ఎండకీ ఉప్పుగాలికీ ఇవి నిలవవు"

నిలుస్తాయి, కాకపోతే కాలాన్ని బట్టి జాగ్రత్త మారుతుంది. మే నెలలో, రోహిణి కార్తెలో 40 డిగ్రీలు దాటినప్పుడు ఎండిపోయిన అక్రిలిక్ కూడా మెత్తబడి ఎదురెదురు పేజీలు అంటుకుపోతాయి. లాగితే రెండు పేజీలూ పోతాయి. మధ్యలో బటర్ పేపర్ పెట్టండి, లేదా రంగు మీద కాస్త పౌడర్ అద్ది దులిపేయండి. పుస్తకాన్ని బరువు కింద పడుకోబెట్టకుండా నిలబెట్టండి. అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో మాత్రం కొత్త పేజీ చేసి వెంటనే మూయకండి, బూజు పడుతుంది. స్టేపుల్ పిన్నులు, గుండుసూదులు అయితే పూర్తిగా తీసేయాలి, సముద్రం దగ్గర ఊళ్లల్లో అవి తుప్పు పట్టి మరక కింది పేజీ దాకా దిగుతుంది.

"దేవుడి బొమ్మ ఉన్న శుభలేఖ కత్తిరిస్తే పాపం"

దీన్ని అపోహ అని కొట్టిపారేయను. కాగితానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే వాళ్లం, ఆ భయం నాకూ ఉంది. పాత శుభలేఖలు పారేయలేక అటకమీద కట్టలు కట్టి పెట్టుకునే ఇళ్లు చాలా చూశాను. నేను చేసేదేమంటే, ముందు వినాయకుడినీ వేంకటేశ్వరస్వామినీ చుట్టూ చోటు వదిలి తీసి, ఖాళీ మైసూర్‌పాక్ డబ్బాలో దాస్తాను. మిగతా అట్టే ముక్కలకి. ఎవరైనా కొత్త పుస్తకం మొదలుపెడుతుంటే ఆ డబ్బా వాళ్ల ముందు పెడతాను. నచ్చిన బొమ్మ తీసుకుని మొదటి పేజీలో, కొత్త పుస్తకంలో శ్రీకారం చుట్టే చోట అతికించుకుంటారు. దాని మీద ఇంకో లేయర్ వేయరు.

శుభలేఖ మూలల్లో రాసిన పసుపు మిగిలి ఉంటే ఆ మూల కత్తిరించకుండా పసుపుతో సహా వాడతాను. పసుపు వెలుతురుకి తొందరగా వెలిసిపోతుంది, మూసి ఉన్న పుస్తకంలో మాత్రం చాలాకాలం ఉంటుంది. నాలుగో పుస్తకంలో మా చెల్లెలి శుభలేఖ మూల ఉంది, నిన్న తీసి చూశాను, ఇంకా పచ్చగానే ఉంది.