ఇంజిన్ మిస్ కొడితే ఇంజెక్టర్లు పోయినట్టేనా? పెట్రోల్ కార్లపై అపోహలు, వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో పెట్రోల్ కార్ల పని చేస్తుంటాను. ఈమధ్య షెడ్డుకు వచ్చేవాళ్లు చాలామంది కారుకు ఏమైందో చెప్పరు, ఏం మార్చాలో చెబుతారు. "ఇంజెక్టర్లు పోయాయంట సార్, నాలుగూ మార్చాలంట, ఎంతవుతుంది?" ఇంజెక్టర్లంటే ఇంజిన్‌లోకి పెట్రోల్‌ను సన్నగా చిమ్మే భాగాలు. ఆ మాట ఎవరు చెప్పారంటే వాట్సాప్‌లో ఎవరో పెట్టారంటారు, లేదా ఆఫీసులో పక్క సీటాయన అన్నాడంటారు. మొహం చూస్తే నెల బడ్జెట్ తారుమారైందన్న టెన్షన్ తెలిసిపోతుంది. ఆ భయం ఊరికే పుట్టలేదు. డీజిల్ కారుకు ఇంజెక్టర్లు మార్పించి బిల్లు చూసి హడలిపోయినవాళ్లు తెలిసినవాళ్లలో ఎవరో ఒకరుంటారు. కానీ డీజిల్ ఇంజెక్టర్లకు ఇంధనం అందించే కామన్ రైల్‌ పైపులో ప్రెషర్ 1000 బార్లు (బార్ అంటే ప్రెషర్ కొలత) దాటుతుంది. మామూలు ఎంపీఎఫ్ఐ (ప్రతి సిలిండర్ ముందూ ఒక ఇంజెక్టర్ ఉండే రకం) పెట్రోల్ కారులో 3 నుంచి 4 బార్లు. రెండింటి కథా ఒకటి కాదు.

అపోహ: ఇంజిన్ మిస్ కొడుతోంది, చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, కాబట్టి ఇంజెక్టరే.

జనం డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. స్కానర్‌లో పీ0302 కోడ్ వచ్చిందనుకోండి. రెండో సిలిండర్ మిస్ అవుతోందని, అంటే అందులో పెట్రోల్ సరిగ్గా మండటం లేదని మాత్రమే దానర్థం. ఎందుకో అది చెప్పదు. స్పార్క్ లేకపోయినా అదే కోడ్, పెట్రోల్ అందకపోయినా అదే, కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) పోయినా అదే. షెడ్డుకు వచ్చే బళ్లలో ఎక్కువసార్లు దొరికేది స్పార్క్‌కు కరెంటు ఇచ్చే కాయిలో, స్పార్క్ ప్లగ్గో.

పరీక్ష పెద్ద విద్యేం కాదు. రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి, మూడోది తెచ్చి రెండోదానికి పెట్టి, కోడ్ చెరిపేసి బండి తిప్పి రావాలి. కోడ్ పీ0303గా మారితే కాయిల్ పోయింది. మారకపోతే ప్లగ్గుల్నీ అలాగే అటూ ఇటూ మార్చి చూడాలి. అప్పుడూ కదలకపోతేనే ఇంజెక్టర్ వంతు. ఇంజిన్ నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజెక్టర్ మీద ఆనించి, పిడికి చెవి పెడితే టిక్ టిక్ మని వినిపించాలి. వినిపించలేదా, కనెక్టర్ ఊడదీసి మీటర్‌తో ఇంజెక్టర్ లోపలి కాయిల్ రెసిస్టెన్స్ చూడాలి. ఈ రకం ఇంజెక్టర్లలో ఎక్కువవాటికి 12 నుంచి 16 ఓమ్‌ల మధ్య ఉంటుంది. అది బాగుంటే కనెక్టర్ దగ్గర నాయిడ్ లైట్ (చిన్న టెస్ట్ బల్బు) పెట్టి ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, నుంచి పల్స్ వస్తోందో లేదో చూడాలి. అన్నీ సరిగ్గా ఉన్నాయంటే కంప్రెషన్ గేజ్ పెట్టి చూడాలి. ఇవేవీ చేయకుండా ఇంజెక్టర్లు బిగించి ఉండే రైల్ పైపు విప్పడానికి ఎవరైనా సిద్ధపడితే ఆపండి.

గుడివాడ వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. వేరేచోట నాలుగు ఇంజెక్టర్లకూ ఎస్టిమేట్ వేయించుకుని, ఎందుకైనా మంచిదని నా దగ్గర ఆగారు. కాయిల్ పైకి లాగితే దాని రబ్బరు నూనెలో నానిపోయి ఉంది. ఇంజిన్ పైనుండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ లీకై ఆయిల్ ప్లగ్ గుంటలోకి దిగింది. ప్యాకింగ్, ఒక కాయిల్, ప్లగ్గులు మార్చాం. బండి సాఫీగా నడిచింది. ఆయన నమ్మలేక "ఇంజెక్టర్లు నిజంగా అక్కర్లేదా బాబూ" అని మళ్లీ మళ్లీ అడిగారు. కొడుక్కి ఫోన్ చేసి డబ్బు పంపొద్దని అక్కడే చెప్పారు.

పీ0202 లాంటి కోడ్ ఇంజెక్టర్ సర్క్యూట్‌దే, నిజమే. అయినా ముందు వైరు, కనెక్టర్ చూడాలి. 2024 సెప్టెంబరు బుడమేరు వరద తర్వాత సింగ్‌నగర్ నుంచి వచ్చిన కార్లలో కనెక్టర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి కనిపించేవి. వాటికింద ఇంజెక్టర్లు బాగానే ఉండేవి.

అన్ని సిలిండర్లూ లీన్‌గా (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) నడుస్తూ పీ0171 వస్తే ఒక్క ఇంజెక్టర్ మీద నింద వేయకండి. ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్‌ను ఎంత పెంచి, తగ్గించి ఇస్తోందో స్కానర్‌లో చూపే అంకె) ఐడిలింగ్‌లో బాగా ఎక్కువగా ఉండి, రేస్ ఇస్తే తగ్గుతోందా? ఎక్కడో గాలి లీక్ ఉంది. లోడ్ పడేకొద్దీ పెరుగుతోందా? ఫ్యూయల్ పంపు, ఫిల్టర్, ప్రెషర్ చూడాలి.

ఇంకొక్క మాట. చెక్ ఇంజిన్ లైట్ నిలకడగా వెలిగితే నెమ్మదిగా షెడ్డుకు తెచ్చుకోవచ్చు. మినుక్కుమంటుంటే మాత్రం పక్కకు తీసి ఆపేయండి. మండని పెట్రోల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని కాల్చేస్తుంది. అది ఇంజెక్టర్ కన్నా చాలా ఖరీదు.

అపోహ: ప్రతి సర్వీసుకూ ఇంజెక్టర్ క్లీనింగ్ చేయించాలి.

అక్కర్లేదు. లక్షణం కనిపిస్తే చేయించండి. చేయించేటప్పుడు టెస్ట్ బెంచ్ మీద ముందు, తర్వాత నాలుగు గొట్టాల్లో ఎన్ని మిల్లీలీటర్లు పడ్డాయో దగ్గరుండి చూడండి. తిరిగి బిగించేటప్పుడు ఓ రింగులు కొత్తవి వేయాలి. పిన్నుతో రంధ్రాలు పొడిచేవాళ్ల చేతికి ఇంజెక్టర్ ఇవ్వకండి, స్ప్రే శాశ్వతంగా చెడిపోతుంది.

అపోహ: ట్యాంకులో ఒక సీసా పోస్తే అంతా సర్దుకుంటుంది.

పాలీఈథర్ అమీన్ ఉన్న మంచి అడిటివ్ కొద్దిపాటి మడ్డిని కరిగిస్తుంది. కాలిపోయిన కాయిల్‌ను బాగుచేయదు. జీడీఐ ఇంజిన్లలో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకే పోతుంది కాబట్టి ఇన్‌టేక్ వాల్వుల మీది కార్బన్‌కు ఆ సీసా తగలనే తగలదు.

ఎక్కువ ఆక్టేన్ ఉన్నంత మాత్రాన పెట్రోల్ ఇంజెక్టర్లను శుభ్రం చేయదు. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వల్ల మైలేజ్ కొంత తగ్గడం నిజం, ఇథనాల్‌లో శక్తి తక్కువ. పాత బళ్లలో రబ్బరు పైపులు, ఓ రింగులు అప్పుడప్పుడూ చూపించుకోండి. రిజర్వులో నడిపితే దెబ్బ తినేది ఎక్కువగా ట్యాంకులోని ఫ్యూయల్ పంపు, దాన్ని చల్లబరిచేది ట్యాంకులోని పెట్రోలే.

అసలు తొందరపడాల్సిన ఇంజెక్టర్ జబ్బు లీకు. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడం, స్టార్ట్ అయ్యాక నల్ల పొగ, డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్‌లో పెట్రోల్ వాసన, ఇవి కలిసి కనిపిస్తే వాయిదా వేయకండి. బానెట్ కింద పచ్చి పెట్రోల్ వాసన వస్తే అసలు స్టార్టే చేయకుండా, మెకానిక్‌ను బండి దగ్గరికే పిలిపించుకోండి.