సంతకం వార్డెన్‌ది, చెయ్యి పిల్లది: ఖమ్మం టీకా ప్రాజెక్టు వెనక కథ

భద్రాచలం వైపు కోయ గూడేల్లో ఆడపిల్ల పెద్ద చదువు చదవాలంటే చాలాసార్లు ఆశ్రమ పాఠశాలకో, హాస్టల్‌కో రావాల్సిందే. అమ్మానాన్నలు పోడు పనుల్లో, కూలి పనుల్లో ఊళ్లోనే ఉండిపోతారు. 2009 జూలైలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకా వేయడం మొదలైనప్పుడు ఆ హాస్టళ్లు చాలా అనువుగా కనిపించాయి. పిల్లలంతా ఒకేచోట దొరుకుతారు. మూడు డోసులకూ మళ్లీ అక్కడే ఉంటారు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా కాపాడే టీకా అది. అమెరికాకు చెందిన ‘పాత్’ అనే సంస్థ, మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఈ పని చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది, టీకా మెర్క్ కంపెనీది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14 వేల మందికి వేశారు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో ఇంకో కంపెనీ టీకాతో ఇలాంటిదే నడిచింది. దీన్ని క్లినికల్ ట్రయల్ (మనుషుల మీద మందును పరీక్షించడం) అనలేదు, ‘ప్రదర్శన ప్రాజెక్టు’ అన్నారు. పేరులో ఏముందిలే అనిపిస్తుంది గానీ, చాలా ఉంది. ట్రయల్ అంటే బీమా ఉండాలి, దుష్ఫలితాల మీద గట్టి నిఘా ఉండాలి, ఏదైనా జరిగితే జవాబు చెప్పే మనిషి ఉండాలి.

2010 మార్చిలో ‘సమ’ అనే మహిళా ఆరోగ్య సంస్థ వాళ్లు భద్రాచలం వెళ్లి పిల్లలతో, తల్లిదండ్రులతో మాట్లాడారు. టీకా దేనికో పిల్లల్లో చాలామందికి తెలియదు. చేతికిచ్చిన కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి. ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. అప్పటికి రెండు రాష్ట్రాల్లో కలిపి టీకా వేయించుకున్న ఏడుగురు బాలికలు చనిపోయారు. పాముకాటు, నీళ్లలో మునగడం, పురుగుమందు, మలేరియా లాంటి కారణాలు చెప్పారు అధికారులు. కేంద్రం వేసిన విచారణ కమిటీ కూడా ఈ మరణాలకు టీకాతో సంబంధం లేకపోవచ్చనే అన్నది. కానీ అనుమతి తీసుకున్న పద్ధతిలో లోపాలున్నాయని ఒప్పుకుంది.

2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటు స్థాయీ సంఘం 72వ నివేదిక ఇంకా కటువుగా మాట్లాడింది. మరణాలను లోతుగా విచారించకుండానే తోసిపుచ్చారని తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి లెక్కకు వచ్చిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద సంతకాలు హాస్టల్ వార్డెన్లవి.

ఈ చివరి అంకె దగ్గరే నేను ఆగిపోతాను. వార్డెన్ చెడ్డవాడని కాదు. పైనుంచి ఉత్తర్వు వచ్చింది, సంతకం పెట్టాడు. కానీ అతను ఆ పిల్లకు అన్నం పెట్టేవాడే తప్ప, నాన్న కాదు. పైగా సర్కారు హాస్టల్లో ఉండే గిరిజన పిల్ల, సర్కారు డాక్టర్ సూది పట్టుకుని నిలబడితే ‘నాకొద్దు’ అనగలదా? వేలిముద్ర వేసిన తండ్రికి ఆ కాగితంలో ఏముందో అతని భాషలో ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా? అనుమతి అంటే కాగితం కాదు, ఆ మాటామంతీ.

ఇది మొదటిసారీ కాదు. 1970, 80 దశకాల్లో ఢిల్లీలో ఐసీఎంఆర్ సంస్థ ఒకటి ఇదే క్యాన్సర్ మీద అధ్యయనం చేసింది. ముఖద్వారంలో కణాల మార్పులున్న 1,158 మంది స్త్రీలకు వైద్యం చేయకుండా, అవి క్యాన్సర్‌గా మారతాయా లేదా అని చూస్తూ ఉన్నారు. 1997లో సంగతి బయటపడితే, చాలామంది చదువురానివాళ్లు కాబట్టి నోటిమాటగా అనుమతి తీసుకున్నామన్నారు. 2000లో ఐసీఎంఆర్ పరిశోధనలకు నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది, 2006లో సవరించింది. అంటే ఖమ్మం నాటికి నియమాలు లేక కాదు.

ఖమ్మం గొడవ తర్వాత కొన్ని మారాయి. 2013లో సుప్రీంకోర్టు ఆదేశాలతో ట్రయల్స్‌లో అనుమతి తీసుకోవడాన్ని వీడియో తీయాలన్న నిబంధన వచ్చింది. 2017 మార్గదర్శకాల్లో, ఊరిపెద్ద ఒప్పుకున్నా మనిషి మనిషినీ విడిగా అడగాల్సిందేనని, ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టం కూడా తెలుసుకోవాలని స్పష్టంగా రాశారు. 2019లో కొత్త ట్రయల్ నియమాలొచ్చాయి.

ఇంత జరిగినా టీకా చెడ్డదని నేననను. క్యాన్సర్‌ను బాగా అడ్డుకుంటుందని ప్రపంచమంతా రుజువైంది. అందుకే నాకు ఇంకా బాధ. మంచి మందును అడగకుండా పొడిచి, దానిమీద భయాన్ని మిగిల్చారు. 2024 మధ్యంతర బడ్జెట్‌లో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్రం ప్రకటించింది. 2009లో హాస్టల్ వరసలో నిలబడిన పదేళ్ల పిల్లకు అప్పటికి పాతికేళ్లు. ఆమెకు కూతురు ఉంటే, ఏదో ఒకరోజు ఏఎన్ఎం ఆ ఇంటి గడప దగ్గరికి వస్తుంది. ఈసారి అడగాల్సింది ఆ తల్లినే.