అరుగు మీద కూర్చుని వినేవాళ్ళు

సత్యనారాయణపురం,
విజయవాడ.

చిరంజీవులకు,

ఉభయకుశలోపరి. మీరు రాసిన ఉత్తరం అందింది. మీ హాస్టల్లో ఇద్దరు ముగ్గురికి రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదనీ, ఒకమ్మాయి పుస్తకం తెరిచి గంటలకొద్దీ అదే పేజీ చూస్తూ కూర్చుంటోందనీ రాశారు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలా, ఎవరైనా పెద్దవాళ్ళు కూర్చోబెట్టి మాట్లాడితే సరిపోతుందా అని అడిగారు. మీలో మీరే ఒక చిన్న బృందంగా ఏర్పడి తోటివాళ్ళకు తోడుగా ఉండాలనుకుంటున్నామనీ రాశారు. సంతోషం. కాకపోతే చివర్లో ఒకరు, "పూర్వం ఈ డిప్రెషన్లు ఎక్కడున్నాయి అమ్మమ్మా, ఉమ్మడి కుటుంబాల్లో అన్నీ సర్దుకునేవి కదా" అన్నారు చూడండి, ముందు ఆ సంగతి తేల్చి తరువాత మిగతాది చెబుతాను.

పూర్వమూ ఉన్నాయి. దాచేవాళ్ళు, అంతే. ఇంట్లో ఒకరికి మతి చలించిందని తెలిస్తే చెల్లెళ్ళకు సంబంధాలు రావని పెరటి గదిలో ఉంచేవాళ్ళు. దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టేవాళ్ళు. ఇదంతా తాతల కాలం నాటి మాట అనుకోకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచిన పాకకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో పారిపోలేక 28 మంది చనిపోయారు. మనిషిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది. ఇలాంటి మూఢనమ్మకాలు పోవాలనే, నాస్తికవాది గోరాగారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో విజయవాడకు తీసుకొచ్చిన నాస్తిక కేంద్రం వాళ్ళు ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి చూపించి, ఇందులో మహిమ ఏమీ లేదని చెప్పేవారు. నేను గుడికి వెళ్ళే మనిషినే. అయినా ఈ ఒక్క విషయంలో నా ఓటు వాళ్ళకే.

అందుకే "మన సంప్రదాయంలో అన్నీ ఉన్నాయి" అని ఎవరైనా అంటే నాకు కాస్త అనుమానం. ఉన్నవాటిలో ఏది మనిషిని నిలబెట్టింది, ఏది కట్టేసింది అని వేరు చేసి చూడాలి.

నిలబెట్టినవాటిలో ఒకటి చెబుతాను. మానసిక వైద్యశాల అంటే ఎత్తయిన గోడ, గేటుకు తాళం అనుకునే 1950లలో, అమృత్‌సర్ ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలోనే మిలిటరీ గుడారాలు వేయించారు. రోగితోపాటు తల్లో తండ్రో భార్యో అక్కడే ఉండాలి. మందులు ఆసుపత్రి ఇచ్చేది, అన్నం ఇంటివాళ్ళు తినిపించేవాళ్ళు. పక్క గుడారంలో మనిషి కోలుకోవడం కళ్ళారా చూసేవాళ్ళు. ఊరికి తిరిగి వెళ్ళేటప్పటికి, ఇది శాపం కాదు, జబ్బు అని ఆ కుటుంబానికి అర్థమయ్యేది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలవారు కూడా ఆ దశాబ్దంలోనే రోగి, కుటుంబం కలిసి ఉండే వార్డు పెట్టారు. మన దేశంలో డాక్టర్లు తక్కువ, బంధువులు ఎక్కువ. ఉన్నదానితో పని నడిపించారు.

ఇప్పుడు చాలా దూరం తీసుకెళ్తాను. ఆఫ్రికాలో జింబాబ్వే. అప్పట్లో ఆ దేశం మొత్తానికి మానసిక వైద్యులు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినంత మందే ఉండేవారు. 2005లో అక్కడి ప్రభుత్వం నగరాల్లో పేదల ఇళ్ళను బుల్డోజర్లతో కూల్చేసింది. లక్షల మంది వీధిన పడ్డారు. ఆ మరుసటి ఏడు డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు హరారే నగరంలోని ఎంబారే పేటలో ఏదైనా చేయాలనుకున్నారు. ఆయనకు గది ఇవ్వలేదు, నర్సులను ఇవ్వలేదు. ఇచ్చింది 14 మంది నాయనమ్మలను. అప్పటికే పేటలో ఆరోగ్య కార్యకర్తలుగా తిరుగుతున్న ముసలమ్మలు వాళ్ళు. గది లేదు కాబట్టి ఆసుపత్రి ఆవరణలో చెట్టు కింద ఒక చెక్క బల్ల వేశారు. దానికి మొదట మానసిక ఆరోగ్యపు బల్ల అని పేరు పెడితే ఎవరూ వచ్చి కూర్చోలేదు. స్నేహపు బల్ల అందాం అన్నది ఆ ముసలమ్మలే. జనం రావడం మొదలుపెట్టారు.

వచ్చినవాళ్ళను ముందుగా 14 ప్రశ్నలు అడుగుతారు. నిద్ర ఎలా ఉంది, ఏడుపు వస్తోందా, చచ్చిపోవాలనిపిస్తోందా, ఇలాంటివి. ఆ ప్రశ్నలు స్థానిక షోనా భాషలో, అక్కడి మనుషుల కష్టాలను బట్టి తయారైనవి. తరువాత ఆ మనిషిని తన కష్టాలన్నీ చెప్పనిస్తారు. వాటిలో ఒక్కటి ఎంచుకోమంటారు. దాని గురించి ఈ వారం నువ్వు చేయగలిగింది ఏమిటి అని అడుగుతారు. పరిష్కారం ముసలమ్మ చెప్పదు, ఎదుటి మనిషి నోటినుంచే రావాలి. చెప్పకుండా నోరు కట్టేసుకోవడం మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఎంత కష్టమో మీకు నేను వేరే చెప్పాలా! ఇలా ఆరుసార్లు కూర్చుంటారు. ఆ తరువాత ఆ బల్ల మీదనుంచి వెళ్ళినవాళ్ళంతా కలిసి వలయంగా కూర్చుని, పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతూ కబుర్లు చెప్పుకునే బృందాలు పుట్టాయి.

ఇది మంచి కథ మాత్రమే కాదు. 24 క్లినిక్కుల్లో 573 మంది మీద పరీక్షించి చూశారు. 2016లో అమెరికా వైద్య సంఘపు పత్రికలో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం పొందినవాళ్ళతో పోలిస్తే బల్ల మీద కూర్చున్నవాళ్ళలో దిగులు, ఆందోళన ఆరు నెలల తరువాత బాగా తగ్గాయి. అయితే ఒక సంగతి మరచిపోకండి. ఆ నాయనమ్మలకు శిక్షణ ఉంది. వాళ్ళ పనిని పైనుంచి గమనించేవాళ్ళున్నారు. చచ్చిపోతానన్న మనిషిని వెంటనే పై ఆసుపత్రికి పంపే దారి ఉంది. మంచి మనసు ఒక్కటే ఉంటే చాలని వాళ్ళు అనుకోలేదు.

ఇది చదువుతున్నప్పుడు నాకు మన ప్రాంతపు ఎరుకల స్త్రీలు గుర్తొచ్చారు. తెనాలి దగ్గర మా ఊరికి బుట్టలు, చేటలు అమ్ముకుంటూ వచ్చేవారు. "సోది చెబుతానమ్మా సోది" అంటూ అరుగు మీద కూర్చునేవారు. వాళ్ళు చెప్పిన జోస్యం మీద నాకు అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. నేను గమనించింది వేరు. ఇంటి కోడలి చేయి పట్టుకుని, "నీ గుండెలో ఒక బరువుంది తల్లీ" అనేసరికి ఆ కోడలి కళ్ళు నిండేవి. అత్తగారికి, మొగుడికి, ఆఖరికి పుట్టింటివాళ్ళకు చెప్పని మాటలు ఆమెకు చెప్పేది. ఆమె వినేది. రేపు ఇంకో ఊరు వెళ్ళిపోతుంది కాబట్టి ఆ మాట గడప దాటి ఊళ్ళో తిరగదు. శేరు బియ్యం, ఒక పాత చీర ఆమె ఫీజు.

ఊరి ఆడవాళ్ళు అంత నమ్మిన ఆ ఎరుకలనే బ్రిటిష్ ప్రభుత్వం పుట్టుకతోనే నేరస్థులని కాగితం మీద రాసింది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911 తరువాత మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ చట్టం కిందనే, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవా సంస్థ నిర్వహణలో, ఎరుకలను ఉంచే సెటిల్‌మెంటుగా పుట్టింది. ఇలాంటి సెటిల్‌మెంట్లలో మనుషులకు హాజరు వేసేవారు, బయటికి వెళ్ళాలంటే అనుమతి కావాలి. 1952లో చట్టం పోయింది. పేరు పోలేదు. ఊరి పేరు చెబితే పని ఇచ్చేవాళ్ళు లేరు. సినిమాలు ఆ పేరుతో డబ్బు చేసుకున్నాయి. బడికి వెళ్ళే పిల్లవాడికి మొదటి రోజునే నువ్వు దొంగవని నేర్పితే, వాడి మనసుకు ఏ మాత్ర ఇస్తారు?

1970లలో హేమలతా లవణం, ఆమె భర్త లవణం ఆ ఊళ్ళో పనిచేయడం మొదలుపెట్టారు. హేమలత గుర్రం జాషువాగారి కుమార్తె. కులం పేరుతో తండ్రి పడిన అవమానాలు తెలిసిన మనిషి. ఆమె ఆ ఇళ్ళలోకి వెళ్ళి కూర్చుంది, ఆడవాళ్ళతో, పిల్లలతో మాట్లాడింది. చదువు, బతుకుతెరువు, పోలీసులతో వ్యవహారం, అన్నీ కలిపి పట్టించుకుంది. దాన్ని అప్పట్లో ఎవరూ మానసిక ఆరోగ్యమని అనలేదు, సంస్కరణ అన్నారు. నన్నడిగితే అది మానసిక ఆరోగ్యమే.

కెనడాలో కూడా ఇలాంటిదే జరిగింది. అక్కడి ఆదివాసుల పిల్లలను తల్లిదండ్రులనుంచి వేరుచేసి, సొంత భాష మాట్లాడితే శిక్షించే హాస్టలు బడుల్లో పెట్టారు. ఆ బడుల్లో చివరిది 1990లలో గానీ మూతపడలేదు. ఆ గాయం తరతరాలకు పాకింది, యువకుల ఆత్మహత్యలు పెరిగాయి. ఇద్దరు పరిశోధకులు, చాండ్లర్, లలోండ్, బ్రిటిష్ కొలంబియాలో సుమారు 200 ఆదివాసీ సమూహాల లెక్కలు తీశారు. ఆదివాసులందరిలోనూ ఆత్మహత్యలు ఎక్కువ అన్న మాట తప్పని తేలింది. కొన్ని ఊళ్ళలో విపరీతం, చాలా ఊళ్ళలో అసలు లేవు. తేడా ఎక్కడుందని చూస్తే, భూమి హక్కు కోసం పోరాడుతున్నారా, స్వపరిపాలన, బడి, వైద్యం, పోలీసు, అగ్నిమాపక సేవలు తమ చేతుల్లో ఉన్నాయా, తమ సంస్కృతికి ఒక చోటు ఉందా అన్నవి బయటపడ్డాయి. ఇవన్నీ ఉన్న సమూహాల్లో 1987 నుంచి 1992 వరకు ఒక్క యువకుడూ ఆత్మహత్య చేసుకోలేదు. 1998లో ఈ సంగతి ప్రచురించారు. ఒకదానివల్లే మరొకటి జరిగిందని ఈ లెక్క రుజువు చేయదు. కానీ ఆలోచించాల్సిన సంగతి.

నేను మాత్రం మీ హాస్టలు గురించే ఆలోచించాను. తెల్లవారుజామున లేపడం దగ్గరనుంచి రాత్రి దీపం ఆర్పడం వరకు మీ రోజులో ఒక్క నిర్ణయమైనా మీ చేతుల్లో ఉందా? ర్యాంకు తగ్గితే సెక్షను మారుస్తారు, ఆ మాట ఇంటికి ఫోను చేసి చెబుతారు, ఇంటివాళ్ళు వీధికి చెబుతారు. మనిషికి నలుగురు అండ కావాలంటాం గానీ, మార్కులు వచ్చిన రోజున ఆ నలుగురే పీడకులవుతారు. సమూహం అనగానే చల్లని నీడ అని మురిసిపోకూడదని అందుకే అంటున్నాను. తీర్పు చెప్పే సమూహం వేరు, వినే సమూహం వేరు.

2024 సెప్టెంబరులో మా విజయవాడలో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం వైపు జనం రోజుల తరబడి మేడల మీదే ఉన్నారు. డ్రోన్లతో అన్నం పొట్లాలు అందించారు. నీళ్ళు తీశాక మా వాళ్ళ ఇళ్ళకు వెళ్ళాను. బురద కడుక్కునే పనిలో, ఇరుగుపొరుగుకు వంట చేసే పనిలో పడినవాళ్ళు తొందరగా మాటల్లో పడ్డారు. పరిహారం కాగితాల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నవాళ్ళు, తాళం పెట్టుకుని బంధువుల ఇళ్ళకు వెళ్ళిపోయినవాళ్ళు చాలాకాలం ముభావంగానే ఉన్నారు. ఇది నా కంటికి కనబడిన సంగతి, శాస్త్రం కాదు. మబ్బు పడితే చాలు వణికిపోయే పిల్లలను మాత్రం అన్ని ఇళ్ళలోనూ చూశాను.

ఇక మీ ప్రశ్న. ఆ అమ్మాయి పక్కన కూర్చోండి. న్యూజిలాండ్‌లో మావోరీల, అంటే అక్కడి ఆదివాసుల, ఆరోగ్యం గురించి మేసన్ డ్యూరీ అనే మానసిక వైద్యుడు 1980లలో ఒక పద్ధతి చెప్పారు. మనిషి ఆరోగ్యం నాలుగు గోడల ఇల్లు, ఒళ్ళు, మనసు, కుటుంబం, ఆత్మ ఆ నాలుగు గోడలు, ఏది ఒరిగినా ఇల్లు ఒరుగుతుంది అన్నారు. మీరూ ఆ నాలుగింటి గురించీ అడగండి. తింటోందా, నిద్రపోతోందా? ఏ ఆలోచన వదలడం లేదు? ఇంట్లో ఎవరితో మాట్లాడుతోంది? తనకు ఇష్టమైనది, పాటో ప్రార్థనో చెట్టో, ఏదైనా వదిలేసిందా? సలహా చెప్పకండి. "అందరికీ ఉండేదే" అనకండి. ఆమె చెప్పింది ఇంకొకరికి చేరవేయకండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఆ రహస్యం దాచకూడదు. చచ్చిపోవాలనుందని అన్నా, లేని గొంతులు వినబడుతున్నాయని అన్నా, రోజుల తరబడి తిండీ నిద్రా మానేసినా ఆమెను ఒంటరిగా వదలకండి, వెంటనే ఇంటివాళ్ళకు చెప్పండి. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా పలుకుతారు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని నేరస్థుడిగా కాక, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలని 2017 చట్టం చెబుతోంది. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్ళకుండా ఆగవద్దు. డాక్టరు మందులు రాస్తే వేసుకోనివ్వండి. మాటలతోనే నయం చేస్తామని మాన్పించే అధికారం మీకూ లేదు, నాకూ లేదు.

మీ బృందం సంగతి. వార్డెను చేతిలో పెట్టకండి, ఏ స్వామీజీనో పాస్టరునో పిలిచి ఉపన్యాసం పెట్టించకండి, టాపర్లను నాయకులుగా చేయకండి. ముందుగా ఒక మానసిక వైద్యుడినో కౌన్సిలరునో అడిగి ఎలా వినాలో నేర్చుకోండి. మాకూ నేర్పుతామంటే మా వీధిలో రిటైరైన టీచర్లు నలుగురం సిద్ధంగా ఉన్నాం. మీకు పరీక్షలు లేని శనివారం ఏదో రాయండి. ఆ అమ్మాయి రాగలిగితే ఆమెనూ తీసుకురండి, రానంటే బలవంతపెట్టకండి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ