ఎవరు చెప్పినా వినే యంత్రాలు

వానాకాలంలో నర్సంపేట, పరకాల వైపు వెళ్తే వరి మడుల మీద డ్రోన్‌తో మందు కొట్టడం కనిపిస్తుంది. పది లీటర్ల ట్యాంకుతో ఎకరం పూర్తవడానికి పది నిమిషాలు కూడా పట్టదు. ఒడ్డు మీద నిలబడ్డ పిల్లగాడు రిమోట్ తెర మీద పొలం హద్దులు గుర్తు పెడతాడు. ఇక అది తనంతట తనే సాలు వెంట సాలు తిరుగుతుంది. ట్యాంకు ఖాళీ కాగానే ఆగిన చోటు గుర్తు పెట్టుకుని వెనక్కి వస్తుంది, మందు నింపితే మళ్లీ అక్కణ్నుంచే మొదలుపెడుతుంది. వీపున పంపు మోస్తూ, ఆ విషపు తుంపర పీలుస్తూ తిరిగిన కూలీలకు ఇది నిజంగా మేలు. డ్రోన్లను చూసి భయపడమని చెప్పడానికి ఇది రాయడం లేదు. కానీ అందులోని ముఖ్యమైన భాగాలు, అంటే చిన్న మోటార్లు, లిథియం బ్యాటరీ, జీపీఎస్, అన్నిటినీ నడిపే కంప్యూటర్ బోర్డు, ఉక్రెయిన్‌లో రోజూ మనుషుల్ని చంపుతున్న డ్రోన్లలోనూ ఉన్నాయి. ట్యాంకు స్థానంలో పేలుడు పదార్థం కడతారు, అంతే తేడా.

అక్కడ వాడే చిన్న డ్రోన్ ఒకటి దాదాపు 500 డాలర్లకు తయారవుతుంది. దాన్ని నడిపే సైనికుడు కళ్లద్దాల్లాంటి తెర పెట్టుకుని, డ్రోన్ కెమెరా చూసేదే తానూ చూస్తూ, కోట్ల విలువైన యుద్ధ ట్యాంకు మీదికి తోలతాడు. 2025 జూన్ 1న ఉక్రెయిన్ 117 డ్రోన్లను లారీల్లో దాచి రష్యా లోపలికి చేర్చి, వేల కిలోమీటర్ల దూరంలోని వైమానిక స్థావరాల్లో బాంబర్ విమానాలను తగలబెట్టింది. మన దేశానికీ ఇది కొత్త కాదు. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లు రెండు బాంబులు వేశాయి. 2025 మేలో ఒక్క రాత్రిలో 36 చోట్ల 300 నుంచి 400 డ్రోన్లు మన గగనతలంలోకి వచ్చాయని భారత సైన్యం ప్రకటించింది. ఇవి చిన్నవి, తక్కువ ఎత్తులో నెమ్మదిగా ఎగురుతాయి. రాడార్ తెర మీద పక్షికీ వీటికీ తేడా పట్టుకోవడం కష్టం. పట్టుకున్నా, చవక డ్రోన్‌ను కూల్చడానికి దానికి ఎన్నో రెట్లు ఖరీదైన క్షిపణిని ఖర్చు పెట్టాల్సి వస్తుంది.

చవకైన విరుగుడు రేడియో సంకేతాన్ని చెడగొట్టడం. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి కాబట్టి వాటి సంకేతం మన దాకా వచ్చేసరికి చాలా బలహీనమైపోతుంది. దగ్గర్లో చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టినా దాన్ని ముంచెయ్యొచ్చు. ఇంకా తెలివైనవాడు దొంగ సంకేతం పంపి, డ్రోన్ వేరే చోట ఉన్నట్టు దాన్నే నమ్మిస్తాడు. దీనికి విరుగుడుగా వెంట్రుకంత సన్నని గాజు తీగను వెనకాల విప్పుకుంటూ పోయే డ్రోన్లు వచ్చాయి. తీగ ద్వారా వచ్చే ఆజ్ఞను జామర్, అంటే రేడియో సంకేతాన్ని చెడగొట్టే పరికరం, ఆపలేదు. రెండో విరుగుడు నాకు మరింత ఆందోళన కలిగిస్తుంది. చివరి కొన్ని వందల మీటర్లలో లక్ష్యాన్ని గుర్తుపట్టే పనిని డ్రోన్‌లోని కంప్యూటర్‌కే వదిలేస్తున్నారు. భుజాన గొట్టంతో పొలంలో నడిచే మనిషి చేతిలో ఉన్నది మందు కొట్టే పంపో తుపాకీయో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. తప్పు జరిగితే జవాబు చెప్పేవాడు ఉండడు. ఇలాంటి ఆయుధాలను కట్టడి చేసే ఒప్పందం 2026 నాటికి కుదరాలని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ కోరారు. నేను ఆ పక్షమే.

డ్రోన్‌ను ఆయుధంగా మార్చినట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌నూ మార్చొచ్చు. ఈ సైబర్ ఆయుధానికి రెక్కలూ లేవు, శబ్దమూ లేదు. అది ఏం చేయగలదో తెలియాలంటే 2015 డిసెంబర్ 23న పశ్చిమ ఉక్రెయిన్‌లో జరిగింది చూడాలి. అంతకు నెలల ముందే కరెంటు పంపిణీ సంస్థల ఉద్యోగులకు మామూలు ఆఫీసు ఫైళ్లలా కనిపించే ఈమెయిళ్లు వచ్చాయి. ఎవరో తెరిచారు. అప్పటి నుంచి దాడి చేసేవాళ్లు లోపలే కూర్చుని పాస్‌వర్డులు సేకరిస్తూ, ఏ బటన్ ఏ బ్రేకర్‌దో, అంటే లైన్‌లో కరెంటును కలిపే, తెంచే ఏ పెద్ద స్విచ్‌దో, నేర్చుకున్నారు. ఆ సాయంత్రం కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్ చూస్తుండగానే తెర మీద బాణం గుర్తు తనంతట తనే కదిలి బ్రేకర్లను ఒక్కొక్కటిగా తెరిచి కరెంటు తెంచడం మొదలుపెట్టింది. మౌస్ పట్టుకుంటే పలకలేదు. ఆ తర్వాత ఆయన్ని సిస్టమ్ నుంచే బయటికి నెట్టేసి పాస్‌వర్డ్ మార్చేశారు. దాదాపు 2,25,000 కనెక్షన్లకు కరెంటు పోయింది. ఫిర్యాదు చేద్దామంటే ఫోన్ లైన్లు నిండిపోయేలా దొంగ కాల్స్ గుప్పించారు. కంట్రోల్ రూమ్‌కు ఆసరాగా ఉండే బ్యాటరీలను కూడా ఆపేశారు.

అయినా ఒకటి నుంచి ఆరు గంటల్లో కరెంటు వచ్చింది. ఉద్యోగులు బండ్లెక్కి సబ్‌స్టేషన్లకు పోయి చేత్తో బ్రేకర్లు వేశారు. ఆ పని తెలిసిన మనుషులు, చేత్తో వేసే ఏర్పాటు ఇంకా మిగిలి ఉండటమే కారణం. సబ్‌స్టేషన్లలో ఆజ్ఞలు మోసే పరికరాల సాఫ్ట్‌వేర్‌ను దాడి చేసినవాళ్లు చెరిపేశారు కనుక, ఆ తర్వాత నెలల తరబడి చేతిపనే గతి అయింది.

ఈ ఆయుధాల ఇంకో ప్రమాదం, ఒకసారి వదిలితే ఎక్కడ ఆగుతాయో వదిలినవాడికీ తెలియదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే కంప్యూటర్ వైరస్ ఇరాన్‌లోని నతాంజ్ అణుకేంద్రం కోసం తయారైంది, కానీ ఎన్నో దేశాల కంప్యూటర్లలో తేలింది. 2017 జూన్‌లో ఉక్రెయిన్ లెక్కల సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో పెట్టిన నాట్‌పెట్యా వైరస్, మెర్స్క్ అనే ఓడల సంస్థను స్తంభింపజేసింది. దాని దెబ్బ ముంబై దగ్గరి జేఎన్‌పీటీ ఓడరేవు దాకా తగిలింది.

వరంగల్‌కు దీనితో పనేముందని అనిపించొచ్చు. 2013 డిసెంబర్ 31న దక్షిణాది గ్రిడ్‌ను, అంటే కరెంటు లైన్ల వలను, మిగతా దేశంతో కలిపాక చెల్పూరు, రామగుండం ప్లాంట్ల కరెంటు, కశ్మీర్ కరెంటు ఒకే 50 హెర్ట్జ్ లయలో, అంటే సెకనుకు 50 ఆవృత్తులతో, నడుస్తున్నాయి. ఆ లయ నిలవాలంటే ఉత్పత్తి, వాడకం ప్రతి క్షణం సరితూగాలి. బోరు మోటరుకు పెట్టే మొబైల్ స్టార్టర్ చూడండి. అందులో సిమ్ ఉంటుంది. ఇంట్లో కూర్చుని ఫోన్ కొడితే పొలం కాడ మోటరు ఆన్ అవుతుంది. రాత్రిపూట పాములు, తేళ్ల మధ్య నడవాల్సిన బాధ తప్పుతుంది. కానీ డబ్బాతో వచ్చిన పాస్‌వర్డ్ అలాగే ఉంటే, ఆ మెసేజ్ రైతు పంపాడో ఇంకొకడు పంపాడో దానికి తెలియదు. 5 హెచ్‌పీ మోటరు 3.7 కిలోవాట్లు. లక్ష మోటార్లు ఒకేసారి ఆన్ అయితే 370 మెగావాట్లు. మోటరు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది. దేశపు గ్రిడ్ అంతటితో కూలిపోదు. ఊళ్లకు కరెంటు తెచ్చే లైన్లు, అంటే ఫీడర్లు, ట్రిప్ అవుతాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలతాయి, పొట్టకొచ్చిన వరి ఎండుతుంది. ఇలా ఇంటింటి పరికరాలను కూడగట్టి గ్రిడ్‌ను దెబ్బతీయవచ్చని 2018లోనే ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు లెక్కలతో చూపించారు.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2021లో సైబర్ భద్రత మార్గదర్శకాలు ఇచ్చింది. అవి విద్యుత్ సంస్థలకు, వాటికి సరుకు అమ్మేవాళ్లకు రాసినవి. రైతు కొనే స్టార్టర్ డబ్బాకూ పరీక్ష పెట్టాలి. పాస్‌వర్డ్ మార్చేదాకా పని చెయ్యని డబ్బానే అమ్మనివ్వాలి. స్ప్రే డ్రోన్ రిమోట్‌కూ ఇదే వర్తించాలి. సబ్‌స్టేషన్లలో ఎన్ని కంప్యూటర్లు వచ్చినా చేత్తో వేసే హ్యాండిల్ తీసేయకూడదు, కొత్తగా చేరిన ఆపరేటర్లకు, లైన్‌మెన్‌కు ఆ పని నేర్పడం మానకూడదు. ఏడాదికోసారైనా తెరలు ఆపేసి ఫీడర్లను చేత్తో నడిపి చూడాలి.