పాత అమెరికన్ కార్లకు ఆటోమేటిక్ గేర్‌బాక్స్: అపోహలు - వాస్తవాలు

1960, 70ల నాటి అమెరికన్ కార్లు రిపేరుకి నా దగ్గరికి వచ్చినప్పుడు చాలావాటిలో గేర్‌బాక్స్ నిక్షేపంగా ఉంటుంది. ఇంజిన్ కూడా బాగానే ఉంటుంది. ఆ రెండింటికీ జత కుదరదు, అంతే. దీని వెనక ఎప్పుడూ వినే నమ్మకాలే కొన్ని ఉంటాయి.

అపోహ: ఒకే కంపెనీవైతే ఏ ఇంజిన్‌కి ఏ గేర్‌బాక్స్ అయినా బిగుస్తుంది.

వాస్తవం: జనరల్ మోటార్స్‌లో షెవ్రొలే, బ్యూక్, ఓల్డ్స్‌మొబైల్, పాంటియాక్ నాలుగూ ఎవరి 350 ఇంజిన్ వాళ్లు చేసుకున్నవే (350 లాంటి ఇంజిన్ అంకెలు క్యూబిక్ అంగుళాల్లో దాని సైజు). షెవ్రొలేకి వెనక బోల్టుల వరస ఒకటి, మిగతా మూడింటికీ ఇంకొకటి. అందుకే ‘350కి గేర్‌బాక్స్ కావాలి’ అంటే ఎవరి 350 అని అడగాల్సిందే. ఫోర్డ్‌లో ఇంకా తికమక: 351 విండ్సర్, 351 క్లీవ్‌లాండ్ ఇంజిన్లకు 302కి సరిపోయే బెల్‌హౌసింగే (గేర్‌బాక్స్ ముందు భాగంలో ఇంజిన్‌కి బిగించే గంట ఆకారపు తొడుగు) పడుతుంది, 351ఎంకి మాత్రం 460 లాంటి పెద్ద ఇంజిన్లది కావాలి. క్రైస్లర్ వాళ్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ టార్క్‌ఫ్లైట్‌లో బెల్‌హౌసింగ్, కేసు కలిపి ఒకే పోత. 318 ఇంజిన్ వెనక నుంచి తీసిన 727 రకం టార్క్‌ఫ్లైట్‌ని 440 ఇంజిన్‌కి బిగించాలంటే కుదరదు.

అపోహ: బోల్టులు పడితే పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని అక్కడే మొదలవుతుంది. షెవ్రొలే ఫ్లెక్స్‌ప్లేట్లలో (ఇంజిన్ వెనక తిరిగే, కన్వర్టర్‌ని బిగించే పళ్ల చక్రం) 153 పళ్లవి, 168 పళ్లవి ఉన్నాయి. స్టార్టర్ దానికి తగ్గదే ఉండాలి. షెవ్రొలే 400 స్మాల్ బ్లాక్ (చిన్న వీ8 వరస) ఇంజిన్‌కి, 454 ఇంజిన్‌కి బ్యాలెన్స్ బరువు ఉన్న ఫ్లెక్స్‌ప్లేట్ కావాలి. మామూలుది వేస్తే ఇంజిన్ వణుకుతుంది, ఆ వణుకుని గేర్‌బాక్స్ లోపం అనుకుంటారు.

ఇక కన్వర్టర్, అంటే ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది. దాన్ని గేర్‌బాక్స్ ఆయిల్ పంపులోకి నెడుతూ తిప్పాలి. ఒక్కసారిగా పోదు, టక్కుమంటూ మెట్లు మెట్లుగా లోపలికి దిగుతుంది. పూర్తిగా దిగితే బెల్‌హౌసింగ్ డోవెల్ పిన్నుల (సరైన చోట కూర్చోబెట్టే మేకుల) మీదుగా వచ్చి బ్లాకుకి చేత్తోనే ఆనుతుంది. అప్పుడు కన్వర్టర్‌కీ ఫ్లెక్స్‌ప్లేట్‌కీ మధ్య సుమారు 3 నుంచి 5 మిల్లీమీటర్ల సందు ఉండాలి. బెల్‌హౌసింగ్ ఆనడం లేదని బోల్టులతో లాగి బిగించారంటే పంపు పగులుతుంది. దయచేసి ఇక్కడ మాత్రం తొందరపడకండి.

అపోహ: ఓవర్‌డ్రైవ్ (ఇంజిన్ వేగం తగ్గించే పై గేరు) ఉన్న గేర్‌బాక్స్ వేస్తే మైలేజీ దానంతటదే పెరుగుతుంది.

వాస్తవం: 1982లో వచ్చిన జనరల్ మోటార్స్ గేర్‌బాక్స్ 700ఆర్4లో నాలుగో గేరు నిష్పత్తి 0.70. వెనక ఆక్సిల్ నిష్పత్తి 2.73 అయితే గంటకు 60 మైళ్ల దగ్గర, 26 అంగుళాల టైరుతో, ఇంజిన్ దాదాపు 1,500 ఆర్‌పీఎం దగ్గరే ఈడుస్తూ ఉంటుంది. పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) ఉన్న ఇంజిన్‌కి ఆ వేగంలో బలం ఉండదు. 3.73 ఆక్సిల్ ఉంటే 2,000 దాటుతుంది, హాయిగా లాగుతుంది.

ఇంకో ప్రమాదం టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్, అంటే కార్బ్యురేటర్ నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే తీగ. గేరు ఎప్పుడు మారాలో చెప్పేదే కదా అనుకుంటారు. కానీ 700ఆర్4లో లోపలి ఆయిల్ ప్రెషర్‌ని కూడా నడిపేది అదే. వేరే కార్బ్యురేటర్ పెట్టి, దాని లివర్‌కి ఎలాగోలా తగిలించేస్తే ప్రెషర్ చాలక క్లచ్ ప్లేట్లు జారతాయి, కొద్ది ప్రయాణంలోనే కాలిపోతాయి. ఆ కార్బ్యురేటర్‌కి సరిపోయే బ్రాకెట్ కొనండి. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు కేబుల్ కూడా పూర్తిగా బయటికి రావాలి. ఈ రెండూ సరిచూడకుండా బండి రోడ్డెక్కించొద్దు.

అపోహ: కన్వర్టర్ స్టాల్ స్పీడ్ (బ్రేకు పట్టి యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ ఏ ఆర్‌పీఎం దాటి పోదో అది) డబ్బా మీద రాసినంతే ఉంటుంది.

వాస్తవం: అది ఇంజిన్ టార్క్‌ని బట్టి మారుతుంది. అదే కన్వర్టర్ 305 వెనక కంటే 454 వెనక ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర స్టాల్ అవుతుంది. అమ్మేవాళ్లకి ఇంజిన్, క్యామ్, ఆక్సిల్, బండి బరువు నాలుగూ చెప్పాకే కొనండి.

అపోహ: పెద్ద గేర్‌బాక్స్ ఎప్పుడైనా మేలే.

వాస్తవం: జనరల్ మోటార్స్ గేర్‌బాక్స్ టర్బో 400 మహా గట్టిది. 1976లో ఫెరారీ తన 400 మోడల్‌కి దాన్నే తీసుకుంది. కానీ బరువు ఎక్కువ, ఇంజిన్ శక్తినీ ఎక్కువ తింటుంది. డ్రాగ్ రేసుల్లో శక్తి తక్కువ తినే, రెండే గేర్ల పవర్‌గ్లైడ్ గేర్‌బాక్స్‌ని ఈరోజుకీ వాడేది అందుకే. మామూలు 350 ఇంజిన్ ఉన్న రోడ్డు బండికి టర్బో 350 చాలు. పైగా దాని అవుట్‌పుట్ షాఫ్ట్‌కి 27 స్ప్లైన్లు (గాడి పళ్లు), టర్బో 400కి 32. అంటే టర్బో 400కి మారితే ప్రొపెల్లర్ షాఫ్ట్ యోక్ (ఆ పళ్ల మీద కూర్చునే జోడింపు ముక్క) కూడా మార్చాల్సిందే.