నలుగురూ కత్తులే పడితే తాళం ఎవరు తీస్తారు?

కర్నూలు,
సోమవారం రాత్రి

పిల్లలూ,

నిన్న సాయంత్రం మిద్దె దిగేటప్పుడు మీలో ఎవరూ నోరు విప్పలేదు. చిన్నమ్మి కళ్లు తుడుచుకుంటూ చెప్పులేసుకుంది. పెద్దోడు తన క్యారెక్టర్ షీటును, అదే ఆటలో తన మనిషి వివరాలు రాసుకున్న కాగితాన్ని, నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. గేటు దగ్గర వాడు "ఈ ఆట మోసం మామా" అన్నాడు. ఆ మాట నాకు రాత్రంతా గుర్తొస్తూనే ఉంది. ఆట మోసం కాదు నాయనా. ముందుగా చెప్పాల్సింది చెప్పకుండా మిమ్మల్ని కూర్చోబెట్టాను. అది ఇప్పుడు రాస్తున్నా. నలుగురూ ఒకచోట కూర్చొని చదవండి.

నేను కథ చెబుతుంటే మీరు ఒక్కొక్కరూ ఒక్కో మనిషిగా మారి పాచికలు వేసే ఆట కదా ఈ 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్', అందులో నిన్న జరిగింది ఒకసారి గుర్తు చేసుకుందాం. బెలుం గుహలు మీరు చూశారు కదా, అందుకే కథను అలాంటి గుహలోనే పెట్టాను. దారి సన్నబడి, ఒకరి వెనక ఒకరు వంగి నడవాల్సిన చోట ఇనుప తలుపు, దానికి తాళం. తలుపు అవతల ఆరు గాబ్లిన్లు, అంటే పొట్టి రాక్షసులు, నిద్రపోతున్నాయి. మీరు నలుగురూ ఫైటర్లు, అంటే కత్తి పట్టి పోరాడేవాళ్లు. నలుగురికీ గొలుసు కవచం, కత్తి, డాలు. తాళం తీయడం ఒక్కరికీ రాదు. నడిపోడు తలుపును భుజంతో గుద్దాడు. మూడోసారికి తలుపు ఊడింది, కానీ ఆ చప్పుడుకు ఆరూ లేచి విల్లంబులు పట్టుకొని చీకట్లో కాచుకున్నాయి. దారి ఇరుకు కాబట్టి ముందు నిలబడింది చిన్నమ్మి ఒక్కతే. ఆ తర్వాత ఏమైందో మీకు తెలుసు.

ఫైటర్ మంచి క్లాసే. తప్పు ఫైటర్‌ను ఎంచుకోవడంలో లేదు, నలుగురూ దాన్నే ఎంచుకోవడంలో ఉంది.

మన వీధి చివర గుడి అరుగు మీద పులిజూదం పలక చెక్కి ఉంటుంది. మీ అబ్బ చిన్నప్పుడు నాకు అక్కడే నేర్పించాడు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీద నుంచి దూకి చంపుతుంది. మేక చంపలేదు, దూకలేదు, చుట్టుముట్టి పులికి దారి లేకుండా చేస్తుంది. ఒకే పలక, ఒకే గీతలు, కానీ పులికి ఒక రూలు, మేకకు ఇంకొక రూలు. పద్దెనిమిదీ పులులే అయితే ఆడటానికి ఏమీ మిగలదు. క్లాస్ అంటే అదే. నీ కాయ ఏం చేయగలదో, ఏం చేయలేదో ముందే రాసిపెట్టిన ఒప్పందం. ఏం చేయగలదో అందరూ చదువుతారు. మీరు ఏం చేయలేదో చదివి ఎంచుకోండి. మీకు చేతకానిది ఎక్కడ మొదలవుతుందో, పక్కవాళ్ల పని అక్కడ మొదలవుతుంది.

ఈ ఆట పుట్టింది అమెరికాలో. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్'ను అచ్చువేశారు. అంతకుముందు బల్ల మీద బొమ్మ సైన్యాలను పేర్చి యుద్ధాలు ఆడేవాళ్లు. వీళ్లు సైన్యం తీసేసి మనిషికి ఒక్క బొమ్మ ఇచ్చి "ఇది నువ్వే" అన్నారు. మొదట మూడు రకాల మనుషులే: కత్తి తిప్పేవాడు, మంత్రం వేసేవాడు, దైవబలంతో నడిచేవాడు. తాళాలు తీసే దొంగ 1975లో వచ్చి చేరాడు. నేను ఆడించేది 2014లో వచ్చిన ఐదో ఎడిషన్. పెద్ద పుస్తకంలో 12 క్లాసులుంటాయి. ఉచితంగా నెట్‌లో పెట్టిన బేసిక్ రూల్స్‌లో మాత్రం నాలుగే: ఫైటర్, మంత్రం వేసే విజార్డ్, తాళాలు తీసే రోగ్, దైవబలంతో నడిచే క్లెరిక్. పాటలతో పనులు చేయించే బార్డ్, అడవిని నమ్ముకున్న డ్రూయిడ్ లాంటివాళ్ల సంగతి వేసవి సెలవుల్లో చూద్దాం.

ఫైటర్ ముందు నిలబడేవాడు. గొలుసు కవచం, డాలు కలిపితే వాడి రక్షణ అంకె 18. గాబ్లిన్ ఇరవై ముఖాల పాచిక వేసి 4 కలుపుకుంటుంది. అంటే 14 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడితేనే దెబ్బ తగులుతుంది, ఇరవైకి ఏడుసార్లు. అదే బాణాల ముందు విజార్డ్ నిలబడితే, వాడి రక్షణ 12 అనుకుందాం, ఇరవైకి పదమూడుసార్లు తగులుతుంది. ప్రాణం ఏడో ఎనిమిదో పాయింట్లు, రెండు దెబ్బలకు నేలమీద ఉంటాడు. అందుకే ఫైటర్ ముందు, విజార్డ్ వెనక. కానీ ఫైటర్ ఆ కవచంతో చప్పుడు చేయకుండా నడవలేడు. దొంగచాటుగా వెళ్లాలంటే పాచికలు రెండు వేసి తక్కువ పడినదాన్నే తీసుకోవాలి.

విజార్డ్ బలహీనుడే, కానీ నిన్నటి గుహలో వాడొక్కడు ఉండుంటే కథే వేరు. మొదటి లెవెల్లోనే స్లీప్ అనే మంత్రం ఉంటుంది. ఎనిమిది ముఖాల పాచికలు ఐదు వేసి కూడితే ఎంత వస్తుందో, అన్ని పాయింట్ల ప్రాణమున్న జీవులు నిద్రలోకి జారుకుంటాయి. సగటున 22 పైన వస్తుంది. గాబ్లిన్ ప్రాణం 7. లెక్క మీరే వేయండి: ఆరింట్లో మూడు, ఒక్క దెబ్బ లేకుండా. అయితే ఇలాంటి మంత్రాలు రెండు వేస్తే వాడి శక్తి అయిపోతుంది. కాసేపు కూర్చుంటే ఒకటి తిరిగొస్తుంది. పూర్తిగా కావాలంటే రాత్రంతా పడుకొని లేవాలి. కనబడిన ప్రతి ఎలుక మీదా మంత్రం వేసేవాళ్లు విజార్డ్ జోలికి పోకండి.

రోగ్ గురించి పెద్దోడు "దొంగోడు మనకెందుకు" అన్నాడు. నాకు ఈ ఆటలో చాలా ఇష్టమైనవాడు వాడే. తాళం, ఉచ్చు, చీకటి వాడి సొంతం. దొంగదెబ్బ అని వాడికొకటి ఉంది. శత్రువు పక్కనే మనవాళ్లు ఒకరు నిలబడి ఉంటే రోగ్ వేసే దెబ్బకు ఇంకొక ఆరు ముఖాల పాచిక కలుస్తుంది. స్నేహితుడు దగ్గరుంటే బలం పెరుగుతుందని రూలులోనే రాసిపెట్టారు. బెంగళూరులో ఒక స్నేహితుడి రూములో మొదటిసారి ఆడినప్పుడు ఈ ఒక్క వాక్యం చదివే నేను ఈ ఆటకు పడిపోయాను.

క్లెరిక్ అంటే దేవుడి మీద భారం వేసి, కవచం కూడా వేసుకొని వచ్చేవాళ్లు. గాయాలు మాన్పుతారు. అరవై అడుగుల దూరం నుంచి ఒక్క మాట పలికి పడిపోయినవాళ్లను లేపగలరు. ఈ పని చిన్నదని అనుకోకండి.

ఇక రూల్స్. పుస్తకం లావు చూసి టెన్షన్ పడొద్దు. ఆడేటప్పుడు జరిగేది మూడే ముక్కలు. మీరేం చేస్తున్నారో చెబుతారు. అది తేలికైతే "అయ్యింది" అంటాను, అసాధ్యమైతే "కాదు" అంటాను. రెంటికీ మధ్య ఉంటేనే పాచిక. ఇరవై ముఖాలది వేసి, మీ షీటులోని అంకె కలిపి, నేను మనసులో పెట్టుకున్న అంకెను అందుకోవాలి. తేలిక పనికి 10, మామూలు పనికి 15, కష్టమైతే 20.

ఆ షీటులో గుణాలు ఆరు: బలం, చురుకుదనం, ఒంటి గట్టిదనం, తెలివి, వివేకం, మాటతో మనుషులను గెలిచే శక్తి. వాటికి 15, 14, 13, 12, 10, 8 అనే అంకెలు మీ ఇష్టం వచ్చినట్టు పంచుకోవచ్చు. 10కి ఏమీ కలవదు. ఆపైన ప్రతి రెండుకూ ఒకటి కలుస్తుంది. 8 అయితే ఒకటి పోతుంది. చిన్నమ్మి నిన్న ఆ 8ని రబ్బరుతో చెరిపేసి 12 రాసుకుంది. నేను చూశాను, ఏమీ అనలేదు. ఆ 8 ఉండనీ తల్లీ. చురుకుదనంలో 8, పైగా తాళాల పని నేర్చుకోలేదు, కాబట్టి పనిముట్లు ఇచ్చినా నీ ఫైటర్ ఆ తాళం తీయలేడు. చురుకుదనంలో 15 పెట్టుకున్న రోగ్‌కు దానివల్ల 2, అలవాటు పడిన పని కాబట్టి 2, మొత్తం నాలుగు కలుస్తాయి. అది మామూలు పని, 15 అందుకోవడానికి 11 పడితే చాలు, ఇరవైకి పదిసార్లు. పక్కన ఆ పని తెలిసినవాళ్లే ఇంకొకరు సాయం చేస్తే పాచికలు రెండు వేసి ఎక్కువ పడింది తీసుకోవచ్చు. అప్పుడు నూటికి డెబ్బై ఐదుసార్లు తాళం వస్తుంది, చప్పుడు లేకుండా.

ఇప్పుడు నా తప్పు. ప్రాణం సున్నాకు వచ్చినంత మాత్రాన మనిషి చనిపోడు. తన వంతు వచ్చిన ప్రతిసారీ ఇరవై ముఖాల పాచిక వేస్తాడు. 10 గానీ పైన గానీ పడితే ఒక మంచి గీత, తక్కువ పడితే ఒక చెడ్డ గీత. మూడు మంచి గీతలైతే ప్రాణం నిలబడుతుంది, మూడు చెడ్డవైతే లేదు. చిన్నమ్మికి 4, 9, 6 పడ్డాయి. ఆ మూడో పాచిక బొరుగుల గిన్నె పక్కన ఆగినప్పుడు మీరందరూ దాన్నే చూశారు. కానీ అంతకుముందు రెండు వంతుల్లో మిగతా ముగ్గురూ కత్తులు తిప్పుతూనే ఉన్నారు. ఎవరైనా సరే, క్లెరిక్ కాకపోయినా, ఆమె పక్కన మోకాళ్ల మీద కూర్చొని గాయం కట్టడానికి ప్రయత్నించవచ్చు. వివేకం కలుపుకొని 10 అందుకుంటే చాలు. ఆ రూలు ఉందని నేను మీకు చెప్పలేదు. తెలిసుంటే మీలో ఒక్కరైనా కత్తి కింద పెట్టేవాళ్లని నాకు గట్టి నమ్మకం.

కాబట్టి ఆదివారం ఇలా చేద్దాం. పెద్దోడి ఫైటర్ అలాగే ఉంటాడు. బతికి బయటపడ్డాడు, గుహ దారి తెలిసినవాడు వాడే. మిగతా ఇద్దరు ఫైటర్లు వాళ్ల ఊళ్లకు వెళ్లిపోయారనుకుందాం. నడిపోడు, పక్కింటి పాప, చిన్నమ్మి కొత్త మనుషులను రాసుకోండి. ఎవరు ఏ క్లాసో నేను చెప్పను, ముగ్గురూ మాట్లాడుకొని రండి. చిన్నమ్మీ, పాత షీటు చింపేయొద్దు. నీ డాలు ఇంకా ఆ ఇరుకు దారిలోనే పడి ఉంది. మీరు అటు వెళ్లినప్పుడు అది కనబడుతుంది, దాన్ని ఏం చేయాలో నువ్వే చెప్పాలి.

నాలుగింటికల్లా రండి. పెన్నులు వద్దు, పెన్సిళ్లు తెచ్చుకోండి. ప్రాణం అంకె చెరిపి రాస్తూ ఉండాలి.

మీ మామ